తాడిపత్రి దుమ్ములో డెస్క్‌టాప్: బ్లోయర్‌కు ఎన్ని మార్కులు, ఫిల్టర్‌కు ఎన్ని?

తాడిపత్రిలో మెయిన్ రోడ్డు మీద షాపు పెట్టుకున్నవాళ్లకు దుమ్ము గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టూ బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లు, సిమెంటు లారీలు. బయటివాళ్లు అనుకున్నట్టు పాలిష్ పట్టేచోట అంత దుమ్ము లేవదు. నీళ్లు పోస్తూనే కోస్తారు, నీళ్లు పోస్తూనే నునుపు చేస్తారు. మిగిలేది బురద. ఆ బురదను తీసుకెళ్లి ఊరి బయట పోస్తారు, అది ఎండి మెత్తటి పొడి అవుతుంది, అసలు తంటా అప్పుడు మొదలవుతుంది. లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. ఇక ఆషాఢం గాలి తోడైతే తుడిచిన టేబుల్ మీద గంటలో వేలితో పేరు రాయొచ్చు.

నాది జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. రెండు డెస్క్‌టాప్‌లు షట్టరు తీసిన దగ్గర్నుంచి వేసేదాకా నడుస్తూనే ఉంటాయి. కరోనా రెండో వేవ్ తగ్గాక ఒక కరెంటు బ్లోయర్ కొన్నాను. తర్వాతి ఏడాది క్యాబినెట్లకు, అంటే సీపీయూ డబ్బాలకు, దుమ్మును ఆపే ఫిల్టర్లు పెట్టాను. ఈ రెండూ ఇన్నేళ్లు వాడాక ఏది ఎంత పనికొచ్చిందో రాస్తున్నాను. బ్లోయర్ కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ చూడ్డానికి, పట్టుకోవడానికి ఒక్కలాగే ఉన్నాయి, స్టిక్కర్లే వేరు.

బ్లోయర్ కొనకముందు ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. సీపీయూ ఊడదీసి బండి మీద పెట్టుకుని పంక్చర్ షాపుకు పోయి గాలి పట్టించుకు రావడం. ఖర్చు లేదు, దుమ్ము కూడా బాగానే పోతుంది. కానీ ఆ కంప్రెసర్ ట్యాంకులో గాలిలోని తేమ నీళ్లుగా దిగి అడుగున చేరుతుంది, దానికి కొంచెం ఆయిలు కూడా కలుస్తుంది. పైపు నొక్కగానే ముందు ఆ తుంపరే వస్తుంది. పైగా అది లారీ టైర్లకు నూరు పీఎస్‌ఐకి పైన పట్టే గాలి, మదర్‌బోర్డు మీద చిన్న చిన్న భాగాలకు అంత జోరు అక్కర్లేదు. ఇంకొకటి స్ప్రే డబ్బా. అందులో ఉండేది మామూలు గాలి కాదు, ఒత్తిడితో ద్రవంగా మార్చిన గ్యాసు. డబ్బా వంచితే ద్రవమే బయటికి చిమ్మి తగిలినచోట మంచు పడుతుంది. కొన్నిట్లో మంట అంటుకునే గ్యాసు ఉంటుంది, డబ్బా మీద ఆ గుర్తు వేసి ఉంటుంది. ఫోన్ రిపేరు చేసేవాళ్లకు పర్వాలేదు గానీ, మా షాపు దుమ్ముకు రెండు క్యాబినెట్లు శుభ్రం చేసేలోపే డబ్బా ఖాళీ. ఆ లెక్కన చూస్తే ఏడాదిలోపే బ్లోయర్ డబ్బులు తిరిగొచ్చినట్టే.

నా బ్లోయర్ 600 వాట్లది, స్పీడు తగ్గించుకునే చక్రం ఉన్న రకం. పదమూడు వందల లోపే పడింది. ఆ చక్రం లేనిది కొనొద్దు. ఫుల్ స్పీడు బయట నేల మీద దుమ్ము కొట్టడానికే, క్యాబినెట్ లోపలికి సగం చాలు. శబ్దం మాత్రం భరించలేం. పక్క షాపు టైలరన్న ఒకరోజు టేపు మెడలో వేసుకునే బయటికొచ్చి, "ఏం నాయనా, పొద్దున్నే మొదలుపెట్టినావు, కుట్టిన గుడ్డల మింద పడ్తాంది" అన్నాడు. అప్పట్నుంచి ఈ పని ఆదివారం మధ్యాహ్నం ఆయన షాపు మూసి ఉన్నప్పుడే.

పని చేసే తీరు ఇది. కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ రెండుమూడు సార్లు నొక్కి, క్యాబినెట్‌ను వరండాలోకి తెచ్చి స్టూలు మీద పెడతాను. గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి. మాస్కు తప్పనిసరి, అదీ తువ్వాలు చుట్టుకోవడం కాదు, ఎన్95. మా ఊర్లో నాపరాళ్లతో పాటు గ్రానైట్ కూడా కోస్తారు, గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. బ్లోయర్‌ను ముందు ఖాళీగా తిప్పి దాని గొట్టంలో ఉన్న దుమ్మును పక్కకు ఊదేయాలి. తర్వాత క్యాబినెట్ లోపల ప్రతి ఫ్యానునూ పెన్సిలుతోనో వేలితోనో కదలకుండా పట్టుకున్నాకే గాలి కొట్టాలి. వదిలేస్తే ఫ్యాను దాని లెక్క దాటి తిరుగుతుంది, బేరింగ్ పాడవుతుంది. అంతేకాదు, తిరిగే మోటారు డైనమో అయిపోయి బోర్డులోకి కరెంటు ఎదురు పంపే అవకాశం కూడా ఉంది. ఎండాకాలం గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి స్టాటిక్ (ఒంట్లో చేరే కరెంటు చార్జి) భయం ఎక్కువ. ముట్టుకునే ముందు ఒకసారి క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకడం అలవాటు చేసుకోవాలి. ఎస్ఎంపీఎస్‌ను, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాను మాత్రం బయటి నుంచే ఊదాలి, విప్పొద్దు. వైరు పీకేసినా దాని లోపలి కెపాసిటర్లలో చార్జి ఉండిపోతుంది.

అసలు దుమ్ము ఉండేది కంటికి కనిపించేచోట కాదు. ప్రాసెసర్ ఫ్యానుకూ దాని కింది అల్యూమినియం రేకులకూ మధ్య ఉంటుంది. తెరిచి చూస్తే మా సీపీయూలో కంబళి ముక్క మాదిరి ఒక పొర. పైనుంచి గాలి కొడితే అది ఇంకా లోపలికి దిగబడుతుంది. పక్కల నుంచి, రేకుల సందుల్లోంచి ఎదురు కొడితేనే ఊడి వస్తుంది. మరీ గట్టిపడితే ఆ ఫ్యాను, రేకులు కలిసిన కూలర్ విప్పాల్సిందే. విప్పితే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టాలి, కాబట్టి పేస్టు ట్యూబు చేతిలో లేకుండా ఆ పనికి దిగొద్దు.

ఆ పొర పోతే ఎంత తేడా అంటే, పెద్ద పీడీఎఫ్‌లు వరసగా పెట్టినప్పుడు 90 డిగ్రీలు దాటే ప్రాసెసర్ 75 లోపు వచ్చి ఆగింది. టెంపరేచర్ చూపే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఒకటి వేసుకోండి. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మన జనం అది వైరస్ అనుకుంటారు. మా షాపుకొచ్చేవాళ్లలో ఎండాకాలం స్లో అయిందని విండోస్ ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఎంతమందో. ఫార్మాట్ చేసినవాడు పోతూ పోతూ మూత తీసి ఒకసారి ఊది ఉంటే ఆ డబ్బులు మిగిలేవి.

ఇంతవరకూ బ్లోయర్‌కు మంచి మార్కులే. ఇక లోపాలు.

సక్షన్ మోడ్ (ఊదడం కాకుండా దుమ్మును పీల్చడం) కోసమని సంచి ఒకటి ఇస్తారు. దాన్ని ఇచ్చిన కవర్లోనే ఉంచేయండి. రాతిపొడి ఆ గుడ్డలోంచి సన్నగా తిరిగి గదిలోకే వస్తుంది. ముఖ్యంగా జిరాక్స్ షాపుల వాళ్లకు చెప్పేది, టోనర్ పడినచోట దీన్ని వాడనే వాడొద్దు. టోనర్ అంటే మెత్తటి ప్లాస్టిక్ పొడి. సంచి దాన్ని ఆపలేదు, మోటారు వేడికి లోపలే అతుక్కుపోతుంది. ఊదితే ఇంకా ఘోరం, గదంతా నల్లగా లేస్తుంది. టోనర్‌ను చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్ది తీయాలి.

రెండో ఏడాది చివర్లో లోపల నిప్పురవ్వలు, కాలిన వాసన మొదలయ్యాయి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అవి చిన్న సరుకే, మోటారు వైండింగ్ షాపులో యాభై, అరవై రూపాయలకు జత దొరికింది. కానీ వాటిని మార్చడానికి బాడీ మొత్తం విప్పాల్సి వచ్చింది. అమ్మిన షాపువాళ్లు "వారంటీలో బ్రష్‌లు రావు" అని ముందే చేతులెత్తేశారు. పిడి దగ్గర వైరు కూడా లోపల తెగి ఒకసారి అతికించుకున్నాం.

ఇంకో సంగతి. వానాకాలంలో తేమ పట్టి గట్టిపడ్డ దుమ్మును బ్లోయర్ ఏమీ చేయలేదు. పొడి దుమ్ము వేడిని మాత్రమే పెంచుతుంది, తడి దుమ్ము కరెంటును కూడా దారి తప్పిస్తుంది. ఆన్ చేస్తే బీప్ మాత్రమే వచ్చి తెర మీద బొమ్మ రాని రోజులు అవే. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దే వైద్యం మన దగ్గర అందరికీ తెలిసిందే, పని చేస్తుంది కూడా. ఆ రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా దూరంగా రుద్దాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే గుడ్డకు అద్ది తుడవడం ఇంకా మేలు.

ఏడాది పాటు ప్రతి నెలా ఊదాక అర్థమైంది ఒకటే. దుమ్ము లోపలికి పోతూ ఉంటే ఊదుతూనే ఉండాలి. దానికి బ్లోయర్ మందు కాదు. గాలి ఎక్కడి నుంచి లోపలికి పోతోందో చూడాలి.

మామూలు క్యాబినెట్‌లో వెనకాల ఒక ఫ్యాను గాలిని బయటికి తోస్తుంది, ఎస్ఎంపీఎస్ ఫ్యాను కూడా బయటికే. ముందు ఫ్యాను ఉండదు, లేదా ఉన్నా చిన్నది. బయటికి పోయే గాలి ఎక్కువైతే ఆ లోటు పూడ్చుకోవడానికి క్యాబినెట్ దొరికిన ప్రతి సందులోంచీ గాలి పీలుస్తుంది. డీవీడీ మూత సందు, యూఎస్‌బీ రంధ్రాలు, వెనక ఖాళీ స్లాట్లు. మీ సీపీయూలో ఈ సందుల అంచుల్లో దుమ్ము గీతలు కట్టి ఉంటే జరుగుతున్నది ఇదే. ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి ఊదేలా పెట్టి వాటికి ఫిల్టర్ తొడిగితే లెక్క తిరగబడుతుంది. లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువై సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ఏ మీటరూ అక్కర్లేదు. పొద్దున షాపులో పూజకు వెలిగించే ఊదువత్తిని సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుంటే ఇంకా తేడా ఉన్నట్టు, బయటికి తోస్తే సరే.

రోడ్డు వైపున్న మిషన్‌కు అయస్కాంతం అంచున్న సన్న జాలీ ఫిల్టర్లు తెప్పించాను, ఒక్కోటి నూటయాభై దాకా పడింది. లోపలి మిషన్‌కు ఇంట్లో చినిగిన నైలాన్ దోమతెర ఒక్క పొర కత్తిరించి టేపుతో అతికించాను. దోమతెర కన్నాలు మిల్లీమీటరు పైనే ఉంటాయి, రాతిపొడిని అది ఆపుతుందని నేనూ అనుకోలేదు. ఆపలేదు కూడా. కొన్ని నెలల తర్వాత మూత తీస్తే అన్నిటి మీదా పల్చగా తెల్లటి పొడి ఉంది. విచిత్రం ఏంటంటే ప్రాసెసర్ రేకులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. నాకు అర్థమైనంతలో ఆ మందపు పొర కట్టడానికి పొడి ఒక్కటే చాలదు. వెంట్రుకలు, నూలు పోగులు, కాగితం నూగు వలలా అల్లుకుంటేనే పొడి వాటికి పట్టుకుంటుంది. దోమతెర వాటిని ఆపింది. మిగిలిన పొడిని బ్లోయర్ ఒక్క ఊపులో పంపేసింది.

అయస్కాంతం ఫిల్టర్ ఉన్న మిషన్ లోపల ఇంకా శుభ్రంగా ఉంది, కానీ దానికి సేవ ఎక్కువ. గాలికాలంలో వారానికోసారి కడగకపోతే జాలీ మూసుకుపోయి వేడి మళ్లీ పెరుగుతుంది. కుళాయి కింద పట్టి, దులిపి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. అందుకే రెండో జత ఉంచుకున్నాను. స్పాంజి ఫిల్టర్ వద్దు. గాలిని బాగా అడ్డుకుంటుంది, మా ఎండలకు పొడిపొడిగా రాలి ఆ ముక్కలే లోపలికి పోతాయి.

చిన్న చిన్నవి: సీపీయూను నేల మీద పెట్టకండి, చీపురు లేపిన దుమ్మంతా దానికే. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించండి, దుమ్ముకే కాదు, బల్లులకు కూడా. గుడ్డ కవరు మిషన్ ఆపి చల్లబడ్డాకే కప్పాలి.

మార్కులంటే బ్లోయర్‌కు పదికి ఏడు. అయస్కాంతం ఫిల్టర్‌కు ఎనిమిది. దోమతెరకు కూడా ఎనిమిదే, ఎందుకంటే ఖర్చే లేదు. అనంతపురంలోనో కడపలోనో ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నవాళ్లు బ్లోయర్ కొనడం దండగ. ముందు ఇంకో ఫ్యాను, ఫిల్టర్ పెట్టించుకుని, ఏడాదికి రెండుసార్లు టెక్నీషియన్ చేత ఊదించుకుంటే చాలు. షాపువాళ్లు, ట్యాలీ ఆఫీసుల వాళ్లు కొనొచ్చు. కొనేటప్పుడు బ్రష్‌లు మార్చడానికి బాడీ పక్కల గుండ్రటి మూతలు బయటికి కనిపించే మోడల్ అడగండి, వైరు వరండా దాకా వచ్చేంత పొడవుందో లేదో అక్కడే విప్పి చూసుకోండి.