ఆఫ్రికాకు పోయేవాళ్ళకు మలేరియా మాత్ర: మూడింట్లో ఏది మేలు?

"అన్నా, నైజీరియాకు పోతాండా. మలేరియా రాకుండా ఏదో మాత్ర ఉంటాదంట గదా, ఒక స్ట్రిప్పు ఇయ్యి."

ప్రొద్దుటూరులో నా మెడికల్ షాపుకు ఈ మాటతో వచ్చేవాళ్ళు ఈమధ్య పెరిగినారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో పని నేర్చుకున్న వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లు కాంట్రాక్టు మీద ఆఫ్రికా దేశాలకు పోతున్నారు. కొందరు పదిహేను రోజుల రిపేరు పనికి, కొందరు ఏడాదికి. అందరూ అడిగేది మాత్రం ఒక స్ట్రిప్పే. నేను తిరిగి అడిగే ప్రశ్నలు వాళ్ళకు వింతగా ఉంటాయి. ఎన్నాళ్ళు ఉంటావు? ఎండలో పనా, నీడలోనా? ఎప్పుడైనా ఫిట్స్ గానీ, మనసు బాగలేక మందులు గానీ వాడినావా? ఎప్పుడు తిరిగొస్తావు, వచ్చినాక కూడా మాత్ర మింగుతావా? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది నవ్వుతారు. నాకు మాత్రం అసలు ప్రశ్న అదే.

మా కడప వైపు నుంచి కువైట్ కు పోవడం పాత అలవాటు. రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు పోయొచ్చినట్టే ఉంటుంది. కువైట్ లో మలేరియా లేదు. అందుకని విదేశం అంటే మనవాళ్ళకు పాస్‌పోర్టు, వీసా, మెడికల్ పరీక్ష, టికెట్టు, అంతే. ఆ లెక్కతోనే ఆఫ్రికాకు బయల్దేరితే ప్రాణం మీదికి వస్తుంది. 2023లో ప్రపంచంలో దాదాపు 26.3 కోట్ల మందికి మలేరియా వచ్చిందని, 5.97 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చనిపోయినవాళ్ళలో నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతంవాళ్ళే.

"మాకు చిన్నప్పుడే వచ్చిపోయిందిలే, ఒంటికి అలవాటే" అనేవాళ్ళు ఉన్నారు. అది నమ్మొద్దు. మనదగ్గర చాలామందికి వచ్చిపోయింది వైవాక్స్ రకం. వణికించి, పీల్చి పిప్పి చేసినా చాలామటుకు ప్రాణంతో వదిలేస్తుంది. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. మెదడుకు, మూత్రపిండాలకు ఎక్కి ఒకటి రెండు రోజుల్లో మనిషిని తీసుకుపోగలదు. అక్కడ పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకు చిన్నప్పటి నుంచి పదేపదే కుట్టించుకుని కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మనకు ఆ శక్తి లేదు. పాతవాళ్ళు అడిగే క్లోరోక్విన్ కూడా ఆఫ్రికా ఫాల్సిపారం మీద పనిచేయదు. నేలవేము కషాయం తాగి పోతామన్నా నేను ఒప్పుకోను.

ఇక మిగిలేవి మూడు: డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్. మూడోదాని పేరు నోరు తిరగదు కాబట్టి జంట మాత్ర అంటాను, రెండు మందులు కలిసిన మాత్ర అది. పద్ధతి ప్రకారం వేసుకుంటే ఆఫ్రికాలో మూడూ బాగానే కాపాడతాయి. తేడా ఉండేది ఎవరి ఒంటికి ఏది పడుతుంది, ఎవరు దేన్ని చివరిదాకా మింగుతారు అన్న దగ్గర.

దోమ కుట్టగానే మలేరియా క్రిమి నెత్తుట్లో ఉండిపోదు, ముందు కాలేయంలోకి పోయి దాక్కుంటుంది. అక్కడ వారమో, అంతకంటే ఎక్కువో పెరిగి, అప్పుడు నెత్తుట్లోకి దిగుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ప్రధానంగా నెత్తుట్లోకి దిగిన క్రిమినే పట్టుకుంటాయి. కాబట్టి చివరిరోజు రాత్రి విమానాశ్రయంలో కుట్టిన దోమ వదిలిన క్రిమి నువ్వు ఇంటికొచ్చినాక నెత్తుట్లోకి వస్తుంది. అప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి మందు ఒంట్లో ఉండాలి. అందుకే ఈ రెండూ తిరిగొచ్చినాక నాలుగు వారాలు వేసుకోవాలి. జంట మాత్ర ఫాల్సిపారాన్ని కాలేయంలోనే చంపగలదు. అందుకే దానికి తిరిగొచ్చినాక ఏడు రోజులు చాలు.

ఈ తేడా నాకు మా తమ్ముడి వల్ల తెలిసొచ్చింది. వాడు నైజీరియాలో మూడు నెలలు చేసి వచ్చినాడు. అక్కడున్నన్నాళ్ళు డాక్సీసైక్లిన్ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంటికొచ్చిన మూడో రోజుకు ఆపేసినాడు. "ఇంట్లో ఉండాను గదన్నా, ఇంకెందుకు" అన్నాడు. చెల్లెలి పెళ్ళి పనుల్లో ఉండి నేనూ గట్టిగా చెప్పలేదు. పదమూడో రోజు చలిజ్వరం. దగ్గర్లోని క్లినిక్‌కు పోతే డెంగీ పరీక్ష చేసినారు, ప్లేట్‌లెట్లు తగ్గినాయన్నారు, సెలైన్ పెట్టినారు. ఎక్కడి నుంచి వచ్చినావని ఎవరూ అడగలేదు, మావాడూ చెప్పలేదు. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నాలుగో రోజు కండ్లు పచ్చబడి మాట తడబడితే కడపకు తీసుకుపోయినాం. అక్కడ రక్తం పూత చూసి ఫాల్సిపారం అని తేల్చినారు. ఆర్టెసునేట్ సూదులతో బతికినాడు. ఆ నాలుగు రాత్రులు మా అమ్మ ముఖం చూసినవాణ్ణి, ఈ విషయం చెప్పేటప్పుడు నాకు గొంతు పెరుగుతుంది.

ఆ తర్వాత నుంచి మాత్ర మంచిదా కాదా అన్నది ఇంటికొచ్చినాక ఏమవుతుందన్న దాన్ని బట్టే తూస్తున్నాను. పదిహేను రోజుల పనికి లెక్క వేద్దాం. డాక్సీసైక్లిన్ రోజుకొకటి: పోకముందు రెండు, అక్కడ పదిహేను, వచ్చినాక ఇరవై ఎనిమిది. మొత్తం 45. జంట మాత్ర కూడా రోజుకొకటే: ముందు రెండు, అక్కడ పదిహేను, వచ్చినాక ఏడు. మొత్తం 24. డాక్సీలో సగానికి పైగా మాత్రలు ఇంట్లో, జ్వరం లేకుండా, దోమ గుర్తుకు రాని రోజుల్లో మింగాల్సినవే. అక్కడే మనవాళ్ళు జారిపోతారు. అందుకే రెండు మూడు వారాల పనికి పోయేవాళ్ళకు, డబ్బు కాస్త ఎక్కువైనా, జంట మాత్రే మేలని నా గట్టి అభిప్రాయం. ఒంటికీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. కొందరికి కడుపులో నొప్పి, తలనొప్పి వస్తాయి. అన్ని షాపుల్లోనూ ఉండదు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. కొవ్వు ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. కోడిగుడ్డో, గ్లాసు పాలో, బుడ్డల చట్నీతో నాలుగు దోసెలో తిని వేసుకోమంటాను. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు, గర్భిణులకు ఇది ఇవ్వరు.

మూడు నెలలకైతే లెక్క మారుతుంది. జంట మాత్రలు 99 కావాలి, డాక్సీ 120. ధరల తేడా చూస్తే కూలికి పోయేవాడి జేబు డాక్సీ వైపే మొగ్గుతుంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, వంద మిల్లీగ్రాములది రోజుకొకటి. కానీ దాన్ని వేసుకునే తీరు తెలియాలి. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో మింగాలి. మింగగానే పడుకుంటే గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుంది. పడుకునే ముందు గుటుక్కున మింగి ముసుగు పెట్టేవాళ్ళే మా దగ్గర ఎక్కువ. జంట మాత్రకు పాలు మంచివైతే దీనికి పాలు అడ్డం. ఎసిడిటీ మందులు, ఐరన్, కాల్షియం బిళ్ళలు దీంతోపాటు వేసుకోకూడదు. ఇంకోటి, ఇది వాడేవాళ్ళ చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. మే నెల ఎండలో బండలు కొట్టినవాళ్ళం, ఎండ మాకేం కొత్త అంటారు. మందు ఒంట్లో ఉన్నప్పుడు ఆ ధైర్యం పనికిరాదు. నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ ఉండాల్సిందే. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు డాక్సీ వద్దు.

మన దేశ మలేరియా కార్యక్రమం మార్గదర్శకాలు ఆరు వారాల లోపు ప్రయాణానికి డాక్సీసైక్లిన్‌ను, అంతకంటే ఎక్కువ ఉండేవాళ్ళకు మెఫ్లోక్విన్‌ను చెబుతాయి. మెఫ్లోక్విన్ వారానికి ఒక్కటే. మూడు నెలలకు దాదాపు 19 బిళ్ళలతో సరిపోతుంది. ఏ ఆదివారమో గుర్తుపెట్టుకుని వేసుకుంటే చాలు. రోజూ మింగడం మరిచిపోయేవాడికి ఇంతకంటే సుఖం లేదు. డాక్టరు చూసి ఒప్పుకుంటే గర్భిణులకు కూడా ఇవ్వగలిగిన మందు మూడింట్లో ఇదొక్కటే. అయినా నేను దీని దగ్గర ఆగి రెండుసార్లు అడుగుతాను. కొందరికి దీంతో పీడకలలు, నిద్రలేమి, దిగులు, కళ్ళు తిరగడం వస్తాయి. కొందరికి అవి మందు ఆపినా చాన్నాళ్ళు పోవు. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని లేబుల్‌లో అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక వేయించింది. ఫిట్స్, డిప్రెషన్, మానసిక జబ్బు ఉన్నవాళ్ళు, గుండె కొట్టుకోవడంలో తేడా ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. అరవై అడుగుల ఎత్తులో క్రేను తోలేవాడికి కళ్ళు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి క్రేను, లారీ, ఎత్తు మీద వెల్డింగు పనివాళ్ళు డాక్టరును డాక్సీ గురించే అడగాలంటాను. మిగతావాళ్ళు మెఫ్లోక్విన్ తీసుకుంటే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. పడకపోతే ఇంట్లో ఉండగానే తెలిసిపోతుంది, మందు మార్చుకోవడానికి టైము ఉంటుంది.

మూడింట్లో ఏదైనా డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వను. నా మాటలు డాక్టరు దగ్గర ఏం అడగాలో తెలియడానికే.

"మలేరియాకు టీకా వచ్చిందంట గదా, అదే వేసుకుంటే పోలా?" అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. వచ్చింది. 2021లో ఒకటి, 2023లో రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందాయి. రెండోదాన్ని పూణేలో తయారుచేస్తున్నారు కూడా. కానీ అవి ఆఫ్రికా పసిపిల్లల కోసం, నాలుగు డోసులు. ప్రయాణికులకు వేయరు.

వేయించుకోక తప్పనిది ఎల్లో ఫీవర్ టీకా. అది వేరే జబ్బు, వేరే దోమ. పగలు కుట్టే ఏడిస్ దోమ, డెంగీ తెచ్చేది. ఆ దోమ మన దేశం నిండా ఉంది గానీ ఎల్లో ఫీవర్ మాత్రం లేదు. అందుకే ప్రభుత్వం గట్టిగా ఉంటుంది. ఆ జబ్బున్న దేశం నుంచి పచ్చకార్డు, అంటే ఈ టీకా వేసినట్టు ఇచ్చే పసుపురంగు కార్డు, లేకుండా దిగితే ఆరు రోజుల దాకా విమానాశ్రయం దగ్గర క్వారంటైన్‌లో పెడతారు. నైజీరియా, కాంగో, ఉగాండా, కెన్యా, ఘనా అన్నీ ఆ జాబితాలోవే. సూది వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, పదేళ్ళకోసారి అన్న పాత మాట పోయింది.

ఈ సూది ఎక్కడంటే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. కర్నూలువాళ్ళకు హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ దగ్గర. మా కడపవాళ్ళకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ సులువు, రైలెక్కితే సరిపోతుంది. అనంతపురంవాళ్ళు బెంగళూరు పోతారు. ఒక సీసా తెరిస్తే చాలామందికి వేయాలి కాబట్టి కొన్ని రోజుల్లోనే వేస్తారు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని పాస్‌పోర్టుతో పోవాలి. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. కోడిగుడ్డు తీవ్రంగా పడనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు, అరవై దాటినవాళ్ళు అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి. టైఫాయిడ్, టెటనస్ సూదులు మన ఊళ్ళోనే వేయించుకోవచ్చు. ఉత్తర నైజీరియాకు పోయేవాళ్ళు మెదడు పొరల వాపు టీకా, అంటే హజ్‌కు పోయేవాళ్ళకు వేసే మెనింజైటిస్ సూదే, దాని గురించి కూడా అడగాలి.

మాత్ర ఏదైనా దోమతెర దానికి బదులు కాదు, తోడు. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. మందు పట్టించిన దోమతెర ఒకటి ఇక్కడే కొని పెట్టెలో పెట్టుకోండి. కరెంటు పోతే లిక్విడ్, కిటికీ తెరిస్తే కాయిల్ అక్కరకు రావు.

మా తమ్ముడు ఈ నెలలో మళ్ళీ పోతున్నాడు, ఈసారి ఇరవై రోజుల పని. పచ్చకార్డు పాతదే చెల్లుతుంది. డాక్టరు జంట మాత్ర రాసినాడు. 29 లెక్కపెట్టి ఇచ్చినాను. చివరి ఏడింటిని వేరే కవర్లో పెట్టి, దాని మీద వాడు ఇంట్లో ఉండే ఏడు తేదీలూ రాసి, కవరు వాడికి ఇవ్వకుండా మా అమ్మ చేతికిచ్చినాను. కవరు వెనక ఇంకో మాట రాసినాను: మూడు నెలల లోపల జ్వరం వస్తే, ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాట "నైజీరియా నుంచి వచ్చినాడు, మలేరియా పరీక్ష చేయండి" అని చెప్పాలి. అమ్మకు చదువు రాదు. అందుకని ఆ మాట రెండుసార్లు పలికించి విన్నాను.