సూర్యలంక, కొండపల్లి, కొండవీడు: హ్యామక్ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఆరుబయట రాత్రి గడపాలంటే నేల మీద పక్క వేయడం కంటే హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల) నయం. కారణం ఇక్కడి నేలే. నల్లరేగడి ఎండితే బెడ్డలు, నెర్రెలు. తడిస్తే చెప్పును వదలదు. నెర్రెల్లో, ఎలుక బొక్కల్లో తేళ్లూ పాములూ ఉంటాయి. రాత్రిపూట తిరిగే కట్లపాము నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేయడం మామూలే. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి కాటు పడిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అడుగున్నర ఎత్తులో పడుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. పైగా వేసవిలో టెంటు లోపల ఉక్కపోతకు నిద్ర పట్టదు, హ్యామక్‌కు కింద నుంచి కూడా గాలి ఆడుతుంది.

నడుము నొప్పి వస్తుందని చాలామంది వెనకాడతారు. పొట్టి గుడ్డ కొని, బిగించి కట్టి, మధ్యగీత మీద నిటారుగా పడుకుంటే తప్పకుండా వస్తుంది. గుడ్డ 10 నుంచి 11 అడుగుల పొడవుండాలి. తల ఒక పక్కకు, కాళ్లు రెండో పక్కకు జరిపి ఐమూలగా పడుకుంటే వీపు దాదాపు చదునుగా ఆనుతుంది. చివర్లలో అడ్డకర్ర ఉన్నవి తోటలో కాసేపు కూర్చోవడానికే. నిద్రలో పక్కకు తిరిగితే బోల్తా కొడతాయి.

అసలు కిటుకు పట్టీ వాలులో, అంటే గుడ్డ చివరను చెట్టుకు కట్టే పట్టీ వాలులో ఉంది. చెట్టు నుంచి పట్టీ అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో కిందికి దిగాలి. అప్పుడు 70 కిలోల మనిషికి ఒక్కో పట్టీ మీద సుమారు 70 కిలోల లాగుడు పడుతుంది. బిగించి 15 డిగ్రీలకు తెస్తే అది 135 కిలోలు దాటుతుంది. ముడులు జారేదీ, కుట్లు విడేదీ అక్కడే. చెట్ల మధ్య 4 మీటర్లుంటే పట్టీని ఐదున్నర అడుగుల ఎత్తున, 5 మీటర్లుంటే ఆరున్నర అడుగుల ఎత్తున చుట్టాలి. కూర్చున్నప్పుడు గుడ్డ నేలకు అడుగున్నర ఎత్తున ఉందో లేదో చూసుకోవాలి. పట్టీ కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్‌దే కావాలి. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరీ సాగి తెల్లారేసరికి నడుము నేలకు తగులుతుంది. సన్న తాడు బెరడును కోస్తుంది. మంచాల నవారు ఎంత బరువు ఆపుతుందో ఎవరూ రాసివ్వరు, దాన్ని నమ్మొద్దు. లారీ లోడు బిగించే పాలిస్టర్ బెల్టు మీద మోసే బరువు రాసి ఉంటుంది, అది చూసి కొనవచ్చు.

ఇక చోట్లు. సూర్యలంకకు మొదటి మార్కు. బాపట్ల స్టేషన్ నుంచి 9 కిలోమీటర్లు, తీరం పొడవునా సరుగుడు చెట్లు. ఇసుకలో టెంటు మేకులు నిలవవు కాబట్టి ఇక్కడ హ్యామక్ సౌకర్యం స్పష్టంగా తెలుస్తుంది. అయితే వాసాల కోసం దగ్గరదగ్గరగా నాటిన లేత సరుగుడు పనికిరాదు. ఎనిమిది అంగుళాల మందమున్న పాత చెట్టును వెతకాలి, భుజంతో నెట్టినా ఊగకూడదు. పర్యాటక శాఖ రిసార్టులో గది తీసుకుని, ఆవరణలో కట్టుకోవచ్చా అని ముందే అడగడం మంచిది. స్నానానికి మంచినీళ్లు, మరుగుదొడ్డి దొరుకుతాయి. కార్తీక మాసంలో జనం కిటకిటలాడతారు, అప్పుడు వద్దు. తుపాన్ల కాలంలో హెచ్చరిక ఉంటే ప్రయాణమే మానుకోవాలి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

మామిడి తోటలు ఊరించి నిరాశపరుస్తాయి. పాత తోటల్లో చెట్ల మధ్య ఎడం 10 మీటర్లుంటుంది. అంత ఎడానికి పట్టీని పదకొండు అడుగుల ఎత్తున కట్టాలి, నిచ్చెన లేకుండా కుదరదు. 5 మీటర్ల ఎడంతో నాటిన కొత్త తోటల్లో కాండం లావెక్కి ఉంటే, రైతు ఒప్పుకుంటే హాయిగా ఉంటుంది. కొబ్బరి తోటలో మాత్రం వద్దే వద్దు, కాయ పడితే ప్రాణం మీదికొస్తుంది.

కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. అనుమతి దొరికినా చెట్టును చూసి ఎంచుకోవాలి. బొమ్మలు చెక్కే తెల్లపొణికి తేలికైన, మెత్తని కర్ర, దానికి మనిషి బరువు వేలాడదీయకూడదు. కొండవీడులో రాళ్లూ పొదలే ఎక్కువ, పగలు కోట చూసి దిగిపోవడమే మేలు. కోట స్తంభాలకు, గోడలకు పట్టీ చుట్టడం ఎక్కడైనా తప్పే. విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఉన్న భవానీ ద్వీపంలో రాత్రి ఉండాలంటే కాటేజీ తీసుకోవాలి, వరద రోజుల్లో అటు చూడొద్దు.

దోమల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పైన తెర ఉన్నా, వీపుకు ఆనిన పలచటి గుడ్డలోంచి కింద నుంచే కుడతాయి. రెండు పొరల గుడ్డ కొనాలి, లేదా లోపల అర అంగుళం ఫోమ్ చాప పరవాలి. ఆ చాప డిసెంబర్, జనవరి చలికీ పనికొస్తుంది. వానకు 10 అడుగుల చదరపు టార్పాలిన్ చాలు, కానీ నీళ్లు పట్టీ వెంట పాకి గుడ్డలోకి వస్తాయి. టార్పాలిన్ అంచుకు లోపల, రెండు పట్టీలకూ జానెడు నూలు తాడు కట్టి వేలాడదీస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి.

బోర్లా పడుకునే అలవాటున్నవాళ్లకు హ్యామక్ సరిపడదు. వాళ్లు గదిలో పడుకుని, హ్యామక్‌ను మధ్యాహ్నం కునుకుకు ఉంచుకోవడం మంచిది.