ఏడు గంటలకు మడిచే బల్ల

2020 జూన్ మొదటి వారంలో, వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా పెట్టి, ల్యాప్‌టాప్ కోసం ఒక మడత బల్ల కొన్నాను. మంచం మీదో నేల మీదో బాసింపట్టు వేసుకుని కూర్చుని పని చేసుకోవడానికి పనికివచ్చే ఈ రకం బల్ల ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఇళ్లలోకి వచ్చింది. తయారీదారు పేరు రాయడం లేదు. ఇంచుమించు ఇవే కొలతలతో, ఇదే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో కలిపి అదిమి చేసిన) పలకతో, ఇదే టేకురంగు పైపొరతో పలువురు అమ్ముతున్నారు కనుక, నేను చెప్పే మంచీ చెడూ ఈ జాతి బల్లలన్నింటికీ చాలావరకు వర్తిస్తాయి.

ఇది కొనడానికి ముందు రెండు నెలలు ఎలా గడిచాయో చెబితే తప్ప నా అభిప్రాయం అర్థం కాదు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటన, శార్వరి ఉగాది పండుగనాటి నుంచి, అంటే 25వ తేదీ నుంచి, దేశమంతటా లాక్‌డౌన్. అంతకు నాలుగు రోజుల ముందే ఆఫీసు ల్యాప్‌టాప్‌ను భుజాన వేసుకుని హైదరాబాద్‌లోని మా రెండు పడకగదుల ఇంటికి వచ్చేశాను. ఉన్న ఒక్క భోజనాల బల్లను మా వారు ఆక్రమించారు. ఆయనకు రోజంతా కాల్స్. నాది జీతాల లెక్కల పని. మొదట ఇస్త్రీ బల్ల మీద, తరవాత ట్రంకుపెట్టె మీద, చివరకు ఏదీ కుదరక మంచం మీద దిండు ఒళ్లో పెట్టుకుని చేశాను. ఆన్‌లైన్‌లో కొందామంటే నిత్యావసరాలు తప్ప మరేవీ ఇంటికి రావు. నాలుగో విడత లాక్‌డౌన్ మొదలైన మే 18 తరవాత గానీ మా వంటి రెడ్ జోన్ (కరోనా కేసులు ఎక్కువగా ఉన్న) ఊళ్లకు ఇటువంటి వస్తువుల రాక మొదలు కాలేదు.

మెడనొప్పి సంగతి సరే, అసలు బాధ అది కాదు. మంచం మీద తెరిచిన ల్యాప్‌టాప్‌కు పొద్దూ మాపూ లేదు. కూర తిరగమోత పెట్టి వచ్చి ఒక మెయిల్, దీపం పెట్టి వచ్చి ఒక మెయిల్, దిండు మీద తల వాల్చబోతూ మరో మెయిల్. పని తక్కువైన రోజు కూడా పని ముగిసిందన్న భావన కలిగేది కాదు. చేసిందేమీ లేకపోయినా అలసట మాత్రం మిగిలేది.

ఇక బల్ల సంగతి. పలక రెండడుగుల పొడవు, అడుగున్నర లోపు వెడల్పు. ఎత్తు అడుగుకు కొంచెం తక్కువ. కింద వంచిన రెండు ఇనుప గొట్టాల కాళ్లు. మడిస్తే అట్టపెట్టెలా పలచగా అయిపోయి బీరువా వెనక సందులో నిలబడుతుంది. నేల మీద పెట్టి కూర్చుంటే పాత బట్టల కొట్లలో గుమస్తాల ముందుండే రాతబల్ల గుర్తుకు వస్తుంది, కాకపోతే దానికి లోపల చిట్టా పుస్తకాలు దాచుకునే అర ఉండేది, దీనికి సెల్‌ఫోను నిలబెట్టే గాడి ఉంది. ఆ గాడి మా అబ్బాయి ఆన్‌లైన్ తరగతులకు బాగా ఉపయోగపడింది. పక్కనే కప్పు పెట్టుకోవడానికి ఇచ్చిన గుండ్రని గుంట మాత్రం మన ఇళ్లను చూసి చేసినది కాదు. అందులో స్టీలు గ్లాసు పెడితే సగంలో ఇరుక్కుని ఒక పక్కకు ఒరుగుతుంది. రెండో రోజే మజ్జిగ ఒలికింది, తుడవడంలో ఆలస్యమైంది, పలక అంచు తడి పీల్చుకుని అక్కడ ఉబ్బింది. ఎండీఎఫ్‌కు నీళ్లు పడవు; కొనేవారు ఈ ఒక్క విషయం మరవకూడదు.

మెడకు ఇది పూర్తి వైద్యం కాదు. ల్యాప్‌టాప్ తెర కంటి ఎత్తుకు రావాలంటే దాని కింద లావుపాటి పుస్తకాలు నాలుగైనా పేర్చాలి. అప్పుడు మీటలు అందవు కనుక విడిగా కీబోర్డు కొనుక్కోవాలి. నేను కొన్నాను, కొన్నాకే నొప్పి తగ్గింది. మోకాళ్ల నొప్పులున్నవారికీ, నేల మీద గంటకు మించి కూర్చోలేనివారికీ ఈ బల్ల వద్దనే నా సలహా. వాళ్లు ఆ డబ్బుకు మరికొంత కలిపి మామూలు బల్లా కుర్చీ కొనుక్కోవడం మేలు. నాకు వచ్చిన బల్లకు ఒక కాలి చివర రబ్బరు తొడుగు లేదు. అమ్మినవారికి మూడుసార్లు రాశాను, మూడుసార్లూ క్షమాపణ వచ్చింది, తొడుగు రాలేదు.

ఇన్ని లోపాలు చెప్పి కూడా నేను దీనికి మంచి మార్కులే వేయడానికి కారణం దాని మడత. వచ్చిన వారానికి ఒక సాయంత్రం, గది ఊడ్వాలి తీయమని మా అత్తగారు అంటే, ల్యాప్‌టాప్ మూసి బల్ల మడిచి గోడకు ఆనించాను. ఆవిడ చూసి, "దుకాణం కట్టేశావా అమ్మా?" అన్నారు. కట్టేశానత్తయ్యా అన్నాను. అన్నాక మళ్లీ తెరవడానికి మొహం చెల్లలేదు. మరునాటి నుంచి ఏడు కాగానే ఆ ప్రశ్న రావడం, నేను బల్ల మడవడం ఆనవాయితీ అయింది. కాళ్లు ముడుచుకునేటప్పుడు వచ్చే ఆ టక్కుమనే చప్పుడుకు మా అబ్బాయి వైకుంఠపాళి పటం పట్టుకుని పరుగెత్తుకు వచ్చేవాడు. ఒక ఆట అయ్యాక డాబా మీద కుండీలకు నీళ్లు, ఆపైన కాసేపు నడక. బయట ప్రపంచం ఎలా ఉందో టీవీ రోజంతా చెబుతూనే ఉన్న ఆ నెలల్లో, మనసు నిలబడడానికి నాకు ఉపకరించినవి ఈ రెండు గంటలే. సానుకూలంగా ఆలోచించండి అంటూ ఫోనుకు వచ్చే సందేశాలు నన్నేమీ కదిలించలేదు, అది వేరే విషయం.

అయితే నెలాఖరున జీతాల లెక్కలు ముగించే నాలుగైదు రోజులు బల్ల మడిచేది లేదు. ఆ రోజుల్లో అత్తగారు కూడా అడిగేవారు కాదు, అన్నం కంచం తెచ్చి పక్కన పెట్టి వెళ్లేవారు. ఫోనులో వచ్చే ఆఫీసు గ్రూపు సందేశాలను ఏ బల్లా మడవలేదు. ఏడు దాటాక వాటిని మూగబెట్టడం నేర్చుకోవడానికి నాకు మరో నాలుగు నెలలు పట్టింది.

2021 మేలో, రెండో దశ ఉద్ధృతంగా ఉండి, ఉదయం ఆరు నుంచి పది వరకే బయటకు వెళ్లనిచ్చిన రోజుల్లో నాకు కరోనా సోకింది. విడిగా గదిలో ఉన్నప్పుడు ఈ బల్లను గుమ్మం అవతల వేశారు. భోజనం, ఆక్సీమీటరు, వేడినీళ్ల ఫ్లాస్కు అన్నీ దాని మీదకే వచ్చేవి. వాళ్లు పెట్టి వెనక్కి జరిగాక నేను తలుపు తెరిచి తీసుకునేదాన్ని. రోజూ శానిటైజరుతో తుడిచి తుడిచి పైపొర ఒక పక్క వెలిసిపోయింది. దాన్ని లోపంగా లెక్కపెట్టడం లేదు. అంతగా తుడవమని ఏ తయారీదారూ చెప్పలేదు.

ఇప్పుడు ఆఫీసుకు వారానికి మూడు రోజులు వెళ్తున్నాను, మిగిలిన రెండు రోజులూ దీని ముందే. ఎడమ కాలి మడత వదులై, చేతులు ఆనిస్తే ఊగుతోంది. సందు చివర హార్డ్‌వేర్ కొట్లో ఇరవై రూపాయలకు బోల్టూ నట్టూ, పదికి రెండు రబ్బరు తొడుగులూ దొరికాయి. తొడుగులు తొడిగాను, బోల్టు బిగించడం ఈ ఆదివారానికి మిగిలింది.