వర్సాయ్ నుంచి ఏగ్‌మోర్త్ దాకా: పద్నాలుగో లూయీ ఫ్రాన్సులో ఒక యాత్ర

ఫ్రాన్సుకు వెళ్లే మనవారిలో చాలామంది పద్నాలుగో లూయీని వర్సాయ్ రాజభవనంలో చూసి తిరిగి వచ్చేస్తారు. ఆ భవనం చూడదగినదే. కానీ ఒకే రాజు, ఒకే చట్టం, ఒకే మతం అన్న నాటి సూత్రం సామాన్యుల ఇళ్లలోకి ఎలా చొరబడిందో తెలియాలంటే దక్షిణానికి, ఉప్పుమడుల పక్కనున్న ఏగ్‌మోర్త్ కోటకూ, సెవెన్ అనే కొండ ప్రాంతంలోని మియాలే గ్రామానికీ వెళ్లవలసిందే. మేము పారిస్ నుంచి లా రోషెల్ మీదుగా నీమ్ వరకు రైళ్లలోనూ, అక్కడి నుంచి అద్దె కారులోనూ ఈ దారిలో తిరిగాం. ఏ చోటికి ఎంత సమయం ఇవ్వాలి, ఎక్కడ బస చేయాలి, ఏది వదిలేసినా నష్టం లేదు అన్న విషయాల్లో నాకు ఏర్పడిన అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను.

పారిస్‌లో ఈ చరిత్ర ఆనవాళ్లు లూవ్ర్ మ్యూజియం చుట్టూ నడక దూరంలోనే ఉన్నాయి, వాటికి టిక్కెట్టు కూడా అక్కరలేదు. 1572 ఆగస్టు 24న ప్రొటెస్టెంట్లను కాథలిక్కులు ఊచకోత కోసిన సెయింట్ బార్తొలోమ్యూ మారణకాండకు సంకేతంగా మోగిందని చెప్పే గంట, లూవ్ర్ ఎదుట ఉన్న సెన్‌జెర్మెన్ లోక్సెర్వా చర్చిది. ఆనాడు హతుడైన ప్రొటెస్టెంట్ నాయకుడు అడ్మిరల్ కొలిన్యీ విగ్రహం రివోలీ వీధిలో, ఒరతువార్ చర్చి వెనుక ఉంది. 1598లో నాంత్ శాసనంతో ప్రొటెస్టెంట్లకు ఆరాధన హక్కులిచ్చి మతయుద్ధాలకు తెర దించిన రాజు నాలుగో హెన్రీ, 1610 మే 14న రవయాక్ అనే మతోన్మాది కత్తికి బలైన చోటును ఫెరోన్నరీ వీధిలో నేలపై పరచిన ఫలకం గుర్తుచేస్తుంది. ఈ మూడింటికీ ఒక ఉదయం చాలు. శాసనం పేరు చూసి నాంత్ నగరానికే వెళ్లాలనుకునేవారికి మాత్రం అంత దూరం అవసరం లేదని చెబుతాను. అక్కడి డ్యూకుల కోట అందమైనదే గాని, అందులోని మ్యూజియం ఆ ఊరి చరిత్రను, ముఖ్యంగా బానిసల వ్యాపారాన్ని చెప్పడానికి ఏర్పడినది.

వర్సాయ్‌కి పారిస్ నుంచి ఆర్‌ఈఆర్ సి రైలులో వెళ్లడం తేలిక. సోమవారం భవనం మూసి ఉంటుంది. సమయం నిర్ణయించిన టిక్కెట్టును ముందే కొని, ఉదయం మొదటి విడతలోనే లోపలికి వెళ్లడం మేలు, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ 73 మీటర్ల పొడవున్న అద్దాల మందిరంలో నిలబడి తల పైకెత్తడానికి కూడా చోటు దొరకదు. తల పైకెత్తి చూడవలసినది మాత్రం తప్పకుండా ఉంది. ల బ్రన్ చిత్రించిన ఆ పైకప్పు మీద 1661లో రాజు స్వయంగా పగ్గాలు చేపట్టినది మొదలు 1678 నాటి సంధి వరకు ఆయన విజయాలున్నాయి. పని 1684లో పూర్తయింది. మరుసటి సంవత్సరం అక్టోబరులో, ఫాంతెన్‌బ్లో భవనంలో, తాతగారైన నాలుగో హెన్రీ ఇచ్చిన నాంత్ శాసనాన్ని రద్దుచేస్తూ ఆయన సంతకం చేశాడు. ప్రొటెస్టెంటు ప్రార్థనామందిరాలను కూల్చాలని, పాస్టర్లు పదిహేను రోజుల్లో దేశం విడిచిపోవాలని, పుట్టే బిడ్డలకు కాథలిక్ బాప్తిస్మమే ఇవ్వాలని, మామూలు విశ్వాసులు పారిపోతే మగవారికి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష తప్పదని ఆ ఆజ్ఞ చెప్పింది. అయినా సుమారు రెండు లక్షల మంది సరిహద్దులు దాటిపోయారు. ఆ పైకప్పు కింద నిలబడిన యాత్రికుడు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలని నా కోరిక, లేకపోతే చూసినదంతా బంగారు పూతగానే మిగిలిపోతుంది.

మన తెలుగు నేలకు సంబంధించిన ఒక మనిషి కూడా ఈ కథలో ఉన్నాడు. గోల్కొండ వజ్రాల గనులను చూసి రాసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ప్రొటెస్టెంటు. కొల్లూరు గనిదని భావించే పెద్ద నీలి వజ్రాన్ని 1660ల చివర ఆయన పద్నాలుగో లూయీకి అమ్మాడు, రాజు ఆయనకు కులీన హోదా ఇచ్చి గౌరవించాడు. అంతటి సేవ చేసినవాడి మతానికే ఆ తర్వాత రాజ్యంలో చోటు లేకుండా పోయింది. తవెర్నియే 1689లో మాస్కోలో కన్నుమూశాడు.

బస విషయానికి వస్తే, వర్సాయ్ ఊళ్లో గది తీసుకోవడం మాకు కలిసిరాలేదు. ప్రకటనలో లిఫ్టు ఉందన్నారు గాని లేదు, ఇరుకైన చుట్టుమెట్ల మీద పెట్టెలు మోసుకోవలసి వచ్చింది, తాళంచెవి ఇచ్చే మనిషి చాలాసేపటికి గాని రాలేదు. పారిస్‌లో ఉండి ఒక పూట వెళ్లి రావడమే సుఖం.

లా రోషెల్‌కి పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలులో మూడు గంటల లోపే చేరవచ్చు. స్టేషన్ నుంచి పాత రేవుకు నడిచే దూరమే కాబట్టి ఆ రెండింటి మధ్య హోటల్ తీసుకుంటే సామానుకు టాక్సీ అవసరం ఉండదు, రేవు ఒడ్డున అర్ధరాత్రి దాకా ఉండే సందడి కూడా వినపడదు. మాకు దొరికిన గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారం ధరకు తగినట్లే ఉంది. చేపలు తినేవారికి ఈ ఊరు పండగే.

లా రోషెల్ ఆనాడు ప్రొటెస్టెంట్ల కోట. 1627 నుంచి 1628 అక్టోబరు 28 వరకు సాగిన ముట్టడిలో రాజు పదమూడో లూయీ మంత్రి కార్డినల్ రిషల్యూ సముద్రానికే అడ్డంగా దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల కట్ట వేయించి, ఇంగ్లండు ఓడల సహాయం అందకుండా చేశాడు. ముట్టడికి ముందు దాదాపు 27,000గా ఉన్న జనంలో, ఆకలికి, రోగాలకు ఆహుతైనవారు పోగా, లొంగిపోయేనాటికి మిగిలినవారు సుమారు 5,000 మంది. నాటి మేయరు గితోన్ విగ్రహం మునిసిపల్ భవనం ఎదుట నిలిచి ఉంది. రేవు కాపలా బురుజులు మూడూ చూడదగినవే గాని, సమయం తక్కువైతే లాంటెర్న్ బురుజు ఒక్కటైనా ఎక్కండి. తర్వాతి శతాబ్దాల్లో అక్కడ బందీలైన నావికులు గోడల మీద చెక్కిన ఓడల బొమ్మలు, పేర్లు ఉన్నాయి. అదే బురుజులో 1568లో ప్రొటెస్టెంట్లు కాథలిక్ పూజారులను బంధించి చంపి కిందికి తోసేశారన్న విషయాన్ని కూడా మరవకూడదు. ఒక పక్షాన్నే బాధితులుగా చూస్తూ తిరిగితే ఈ యాత్ర సగమే అవుతుంది. ముట్టడి తర్వాత 1629లో ఆలెస్ సంధి ప్రొటెస్టెంట్ల కోటలను, సైన్యాన్ని తీసేసి ఆరాధన హక్కును మాత్రం ఉంచింది. అంటే ఆ హక్కుకు ఇక రాజు దయ తప్ప వేరే రక్షణ లేకుండా పోయింది, 1685లో తెలిసివచ్చినది అదే.

లా రోషెల్ నుంచి నీమ్‌కు రైలు ప్రయాణం ఒక పగలంతా తినేస్తుంది, మధ్యలో రైలు మారాలి. పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారు లా రోషెల్‌ను వదిలి పారిస్ నుంచి మూడు గంటల్లో తిన్నగా నీమ్‌కు వెళ్లడం మంచిది. నీమ్‌లో బస చేస్తే ఏగ్‌మోర్త్‌కు లోకల్ రైలు ఉంది, ఊరు పెద్దది కాబట్టి భోజనానికి ఇబ్బంది లేదు.

ఏగ్‌మోర్త్ గురించి ఎంత చెప్పినా నాకు తక్కువగానే అనిపిస్తుంది. చదునైన నేల మీద దాదాపు దీర్ఘచతురస్రంగా నిలిచిన ప్రాకారం, దాని మూలన పదమూడో శతాబ్దపు కాన్‌స్టాన్స్ బురుజు, ఆ బురుజుకు ఆరు మీటర్ల మందపు గోడలు. శాసనం రద్దయ్యాక దాన్ని చెరసాలగా వాడారు. రహస్య ప్రార్థనల్లో పట్టుబడిన మగవారిని మార్సేయ్ రేవులోని ఓడలకు పంపారు, పాస్టర్లను ఉరితీశారు, ఆడవారిని ఇక్కడికి తెచ్చారు. మరీ డ్యురాన్ అనే యువతిని 1730లో పంతొమ్మిదేళ్ల వయసులో ఈ గదిలో పెట్టారు, ఆమె నేరం పాస్టరుకు చెల్లెలు కావడమే. ఆ అన్న పియేర్‌ను 1732లో మోంపెలియేలో ఉరితీశారు. తన విశ్వాసాన్ని వదులుకుంటున్నానని ఒక్క మాట చెబితే ఆమెకు విడుదల దొరికేది. చెప్పలేదు. 1768లో బయటికి వచ్చేనాటికి ముప్పై ఎనిమిదేళ్లు గడిచిపోయాయి, వర్సాయ్‌లో రాజు మాత్రం అప్పటికీ పదిహేనో లూయీయే. పైగది నేల మధ్యనున్న గుండ్రని రంధ్రపు రాతి అంచు మీద, ఎదిరించమని చెప్పే ఒకే ఒక్క మాట చెక్కి ఉంది. అది ఆమె చేతిదేనని సంప్రదాయంగా చెబుతారు. సన్నని కిటికీల నుంచి ఎంత గాలి, ఎంత వెలుతురు వస్తాయో ఆ గదిలో కాసేపు నిలబడితే తెలుస్తుంది. వర్సాయ్‌లో మిగిలిన పూటను ఇక్కడ ఖర్చు చేయమని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

సౌకర్యాల మాటకొస్తే, బురుజు మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు కష్టపడతారు. ప్రాకారం మీద నడక సుమారు 1,600 మీటర్లు, నీడ అసలు లేదు. వేసవిలో ఉదయమే ముగించాలి. సాయంత్రం దోమలు విపరీతం. భోజనశాలల్లో ఎద్దుమాంసపు కూర ఎక్కువగా వండుతారు గనుక శాకాహారులు ముందే అడిగి కూర్చోవాలి. ఆ చుట్టుపక్కల కమార్గ్ పొలాల్లో వరి పండుతుంది కాబట్టి అన్నం మాత్రం దొరుకుతుంది, వెంట తెచ్చుకున్న కందిపొడి మాకు బాగా అక్కరకొచ్చింది.

మియాలేకు కారు లేకుండా వెళ్లాలంటే ఆందూజ్ దాకా బస్సు, ఆపైన టాక్సీ. కారు తీసుకునేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర ఉంచుకోవాలి, రోడ్లు ఇరుకైనవి, మలుపులు ఎక్కువ. అక్కడి మాస్ సుబేరాన్ అనే పల్లెలో, 1702లో మొదలైన కామిజార్ల (ఈ కొండల ప్రొటెస్టెంట్ల) తిరుగుబాటు నాయకుడు రోలాన్ ఇంట్లో 1911లో మ్యూజియం పెట్టారు. విప్పి ధాన్యపు పీపాలా మార్చేసే ప్రసంగ వేదిక, జడముడిలో దాచుకునేంత చిన్న బైబిలు, తెడ్ల శిక్ష పడినవారి పేర్లు అక్కడ చూడవచ్చు. రాజసైన్యం ఈ కొండల్లో వందలాది పల్లెలను తగలబెట్టింది, కామిజార్లు కూడా కాథలిక్ గ్రామస్థులను చంపారు. ఆందూజ్‌లో ఒక కుటుంబం తమ ఇంటి గదులనే అద్దెకు ఇస్తుంది. ఈ యాత్ర మొత్తంలో అన్నిటికన్నా మంచి ఆతిథ్యం అక్కడే దొరికింది. మేక పాల జున్ను, చెస్ట్‌నట్ జామ్, ఉల్లిపాయ కూరతో శాకాహార భోజనం అడగకముందే సిద్ధం చేశారు.

శీతాకాలంలో ఈ మ్యూజియం మూసి ఉంటుంది. ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం ఇక్కడ చెట్ల కింద పెద్ద ప్రొటెస్టెంటు సమావేశం జరుగుతుంది. దాన్ని చూడదలచినవారు గదులు నెలల ముందే తీసుకోవాలి, మ్యూజియాన్ని నిదానంగా చూడదలచినవారు ఆ వారం కాకుండా మేలో గాని, సెప్టెంబరు చివర గాని వెళ్లాలి.