జాగ్రత్త: సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు కొనకండి

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ ఫోన్‌లోకి ఈ ప్రకటన ఈపాటికే వచ్చి ఉంటుంది. ఇక వేలు గుచ్చుకోనక్కర్లేదు, స్ట్రిప్పుల ఖర్చు లేదు, వాచీ చేతికి పెట్టుకుంటే చాలు, రోజంతా షుగర్ ఎంతుందో ఫోన్‌లో చూసుకోవచ్చు అంటారు. దయచేసి నమ్మకండి. ఆ వాచీ షుగర్‌ను కొంచెం అటూ ఇటూగా కొలుస్తుందని కూడా అనుకోవద్దు. అది అసలు కొలవదు. దాన్ని నమ్మినందుకు మా నాన్నకు ప్రాణం మీదికి వచ్చింది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాన్న రిటైర్డ్ టీచర్. అమ్మా నాన్నా తణుకు దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. ఆయనకు షుగర్ వచ్చి పదేళ్ళు దాటింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడతారు. ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఈ వాచీ ప్రకటన తెలుగులోనే వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన అందులో వాచీ గురించి ఎంతో నమ్మకంగా చెప్పాడు. క్యాష్ ఆన్ డెలివరీ, ధర మూడు వేల లోపే. నాన్న తెప్పించుకున్నారు. ఏళ్ళ తరబడి వేళ్ళు గుచ్చుకుని గుచ్చుకుని చివర్లు గట్టిపడిపోయిన మనిషికి అలాంటి మాట ఎంత ఆశగా వినిపిస్తుందో నాకు తెలుసు. ఆ ఆశ తప్పు కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు చేసుకునేవాళ్ళదే తప్పు.

వాచీ వచ్చాక గ్లూకోమీటర్ బీరువాలోకి వెళ్ళిపోయింది. నాన్న ఉదయం, సాయంత్రం యాప్‌లో వచ్చిన అంకెను డైరీలో రాసుకునేవారు. ఆ డైరీ నేను తర్వాత చూశాను. పరగడుపున 108, తిన్న తర్వాత 134, మర్నాడు 111, 129. సంక్రాంతికి అరిసెలు తిన్న రోజూ అంతే, జ్వరం వచ్చిన రోజూ అంతే. పదేళ్ళుగా షుగర్ ఉన్న మనిషికి అంకెలు అలా ఒకే వరసలో నడవవు. కానీ చూసేవాళ్ళకు అవి మంచి అంకెలు. మంచి అంకె కనిపిస్తే ఎవరూ అనుమానించరు, ఇంకో ముద్ద అన్నం పెట్టుకుంటారు.

ఒక ఏకాదశి రోజు నాన్న ఉపవాసమని టిఫిన్ మానేశారు, మాత్ర మాత్రం వేసుకున్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మనం తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. అమ్మ కంగారు పడితే ఆయన వాచీ చూపించారు. 121. షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది, కాసేపు పడుకుంటానన్నారు. అమ్మ ఆ అంకెను పట్టించుకోలేదు. బీరువాలోంచి పాత మిషన్ తీసి వేలు గుచ్చి చూసింది. 52.

70 కన్నా తగ్గితే లో షుగర్. 54 కన్నా తగ్గితే అప్పటికప్పుడు చూసుకోవలసిన ప్రమాదం. నాన్న అలాగే పడుకుని ఉంటే ఏమయ్యేదో రాయడం నాకు ఇష్టం లేదు. అమ్మ పంచదార నీళ్ళు తాగించింది, పావుగంటకు మళ్ళీ చూసింది, మళ్ళీ ఇచ్చింది, కాస్త తేరుకున్నాక అన్నం పెట్టింది. ఆ రెండోసారి చూసేటప్పుడు కూడా చేతికున్న వాచీ 119 చూపిస్తూనే ఉంది.

తర్వాత డాక్టరు గారు మూడు నెలల యావరేజ్ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారు. అంతకుముందు 7.3 ఉండేది, ఇప్పుడు 8.9. అంటే ఆ నెలలన్నీ నాన్న షుగర్ చాలా ఎక్కువగానే ఉంది. వాచీ ఎక్కువనూ చెప్పలేదు, తక్కువనూ చెప్పలేదు. డైరీ చూసిన డాక్టరు గారు, ఈ అంకెలు చూసి నేను మందు మార్చి ఉంటే ఇంకా పెద్ద ప్రమాదం జరిగేదన్నారు. ఇన్సులిన్ వాడేవాళ్ళ సంగతి ఆలోచించండి. అంకెను బట్టి యూనిట్లు వేసుకునేవాళ్ళకు తప్పుడు అంకె ఒక్కటి చాలు.

ఊరెళ్ళి ఆ వాచీని నేనే పట్టుకుని కూర్చున్నాను. తువ్వాలు గట్టిగా చుట్టి దానికి కట్టాను. కాసేపటికి యాప్‌లో షుగర్ 114 అని వచ్చింది. తువ్వాలుకు! ఆపైన యాప్ సెట్టింగుల్లో ఇంకో సంగతి బయటపడింది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు వయసు, బరువు, భోజనం వేళ అడుగుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మీ గ్లూకోమీటర్ రీడింగ్ ఎంటర్ చెయ్యండి అంటుంది. నా చేతికి పెట్టుకుని 110 అని కొట్టాను. ఆ తర్వాత వచ్చినవన్నీ 110 చుట్టూనే. అదే పూట దాన్ని 220గా మార్చాను. వాచీ నాకు 213, 226 చూపించడం మొదలుపెట్టింది. నాకు షుగర్ లేదు, మిషన్‌లో చూస్తే 96. మనం ఇచ్చిన అంకెనే అటూ ఇటూ జరిపి, గ్రాఫ్ గీసి, మనకే తిరిగి చూపిస్తోంది. మొదటి రోజు మిషన్‌తో సరిపోయింది, కాబట్టి కరెక్టేనని రివ్యూలు రాసేవాళ్ళు ఎందుకు అంతమంది ఉన్నారో అప్పుడు అర్థమైంది. సరిపోక ఏం చేస్తుంది?

వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ లైటు ఏం చేస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్ళు దాన్ని చూపించే లేజర్ టెక్నాలజీ అంటున్నారు. ఆ వెలుగు చర్మం మీద పడి, రక్తం ఒక్కో గుండె చప్పుడుకు పెరిగి తగ్గడాన్ని బట్టి వెనక్కి వస్తుంది. దాంతో పల్స్ లెక్కపెట్టవచ్చు. ఎర్ర వెలుగూ, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగూ ఉంటే ఆక్సిజన్ అంచనా వేయవచ్చు, ఎందుకంటే ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్, లేని హీమోగ్లోబిన్ ఆ వెలుగులను వేరువేరుగా పీల్చుకుంటాయి. రక్తంలోని షుగర్‌కు, అంటే గ్లూకోజ్‌కు, రంగు లేదు. ఇన్‌ఫ్రారెడ్‌లో అది ఇచ్చే సంకేతం చాలా బలహీనం, ఒంట్లో ఉన్న నీటి సంకేతంలో కలిసిపోతుంది. చర్మం రంగు, చెమట, వేడి, పట్టీ బిగువు, వీటన్నిటితోనూ వెలుగు మారుతుంది. దానిలోంచి షుగర్ సంగతి మాత్రమే విడదీయడానికి ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు దశాబ్దాలుగా కష్టపడుతున్నాయి. 2001లో అమెరికాలో గ్లూకోవాచ్ అనే ఒక పరికరానికి అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ అది వెలుగుతో పనిచేసేది కాదు. చిన్న కరెంటుతో చర్మం లోపలి ద్రవాన్ని పైకి లాగేది, చర్మం మండి ఎర్రబడేది, దానికీ వేలు గుచ్చి రీడింగ్ ఇవ్వాల్సిందే. అది మార్కెట్‌లో నిలవలేదు.

మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. చర్మం గుచ్చకుండా వాటంతటవే షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, ఏ బ్రాండ్ అయినా సరే షుగర్ కోసం వాటిని వాడవద్దని చెప్పింది. ఉంగరాల సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు అవీ ఇదే మాటతో అమ్ముతున్నారు. విదేశాల్లో ఉన్న పిల్లలు ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఆన్‌లైన్‌లో ఇలాంటివి చూస్తుంటారు. అక్కడి నుంచి పంపినంత మాత్రాన వస్తువు మంచిదైపోదు.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే నేను నిజమైన పరికరాలకు అన్యాయం చేసినట్టు అవుతుంది. వాచీలో షుగర్ అంకె కనిపించడం మోసమేమీ కాదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చూడాలి. సీజీఎం అని, రోజంతా షుగర్ కొలుస్తూ ఉండే సెన్సర్లు ఉన్నాయి, ఫ్రీస్టైల్ లిబ్రే, డెక్స్‌కామ్ లాంటివి. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉండి భుజం వెనక అతుక్కుంటాయి. వాటి అడుగున సన్నని తీగ చర్మం కిందికి దిగుతుంది, అక్కడి ద్రవంలో ఉన్న గ్లూకోజ్‌ను ఎంజైమ్ సాయంతో కొలుస్తుంది. అది పంపే అంకెను ఫోన్ యాప్ చూపిస్తుంది, కొన్నిటికి వాచీలో కూడా కనిపిస్తుంది. అంటే అక్కడ వాచీ ఒక తెర మాత్రమే, కొలిచేది చర్మం కింద ఉన్న తీగ. నాన్న చూసిన ప్రకటనలో ఇలాంటి సెన్సర్ బొమ్మ కూడా పెట్టారు, డబ్బాలో వాచీ, ఛార్జరు తప్ప ఇంకేమీ లేవు.

సీజీఎంకూ హద్దులున్నాయి. రక్తంలో షుగర్ మారిన కొన్ని నిమిషాలకు గానీ ఆ ద్రవంలో మారదు, కాబట్టి వేగంగా పెరిగేటప్పుడు, పడిపోయేటప్పుడు అంకె వెనకబడుతుంది. సెన్సర్ ఉన్న చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే లేని లో షుగర్ చూపించవచ్చు. ఒంట్లో ఒకలా ఉండి అంకె ఇంకోలా ఉంటే వేలు గుచ్చి చూసుకోమని వాటి తయారీదారులే చెప్తారు. రెండు వారాలు పనిచేసే సెన్సర్‌కు నాలుగైదు వేలు అవుతుంది, అందరికీ అవసరమూ ఉండదు. డాక్టరును అడిగి పెట్టించుకోండి.

కొనేముందు డబ్బా తిప్పి చూడండి. మన దేశంలో గ్లూకోమీటర్లు మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 కిందికి వస్తాయి. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబరు గానీ, బయటి దేశం సరుకైతే దిగుమతి లైసెన్స్ నంబరు గానీ ఉండాలి. నాన్న వాచీ డబ్బా మీద అది లేదు, సీఈ గుర్తు మాత్రం పెద్దగా ఉంది. ఫోన్ ఛార్జర్ల మీద కూడా ఉండే గుర్తు అది, షుగర్ సరిగ్గా కొలుస్తుందనడానికి సాక్ష్యం కాదు. యాప్‌లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో, ఇది వైద్య పరికరం కాదు, ఆరోగ్య అవగాహన కోసమే అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. అమ్మేటప్పుడు తెలుగులో పెద్దగా అరిచి చెప్పిన మాటను అక్కడ చడీ చప్పుడు లేకుండా వెనక్కి తీసుకున్నారు. నేను ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్ళు చదివి వినిపించింది కూడా ఆ వాక్యమే.

ఆ యాప్ కాంటాక్టులు, ఎస్‌ఎంఎస్‌లు, లొకేషన్ అన్నిటికీ పర్మిషన్ అడిగింది. షుగర్ చూపించడానికి నాన్న ఫోన్‌లోని మెసేజులతో ఏం పని? బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ మెసేజుల్లోకే. మీవాళ్ళ ఫోన్‌లో ఇలాంటిది ఉంటే ముందు పర్మిషన్లు తీసేసి, తర్వాత యాప్ తీసెయ్యండి.

గ్లూకోమీటర్ వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది, స్ట్రిప్ ఒక్కోటి ఇరవై రూపాయల వరకూ పడుతుంది. అదీ నూటికి నూరుపాళ్ళు కచ్చితం కాదు, కానీ దానికి ఐఎస్‌ఓ 15197 అని ఒక ప్రమాణం ఉంది. ల్యాబ్ విలువ 100 కన్నా తక్కువైతే 15 అంకెల తేడా, ఎక్కువైతే 15 శాతం తేడా లోపల, నూటికి కనీసం 95 రీడింగులు ఉండాలి. వాచీకి అలాంటి హద్దే లేదు. పండు తిన్న చేత్తో చూస్తే మిషన్ ఎక్కువ చూపిస్తుంది, చేతులు కడుక్కుని ఆరాక చూసుకోండి. నొప్పి తగ్గాలంటే వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకోండి. ఖర్చు భారం అనుకునేవాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, తెలంగాణలో అయితే బస్తీ దవాఖానాలో కూడా ఉచితంగా చూపించుకోవచ్చు.

ఇప్పటికే ఈ వాచీ వాడుతున్నవాళ్ళు ఈ రోజే మిషన్‌తో ఒకసారి చూసుకోండి. వాచీ అంకెలను బట్టి మాత్ర మానేసినా, తగ్గించినా వెంటనే డాక్టరుకు చెప్పండి. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడటం కనిపిస్తే చేతికున్న అంకె చూడకండి. మిషన్ దగ్గర లేకపోయినా సరే, మింగగలిగిన స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి.

డబ్బు సంగతికి వస్తే, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ-కామర్స్ సైట్‌లో కొన్నవాళ్ళు ముందు ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటన స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసిపెట్టుకోండి, ఫిర్యాదు వెళ్ళగానే దాన్ని తీసేస్తారు. బిల్లు, కొరియర్ స్లిప్పు, డబ్బా, వాచీ దేన్నీ పారెయ్యకండి. మిషన్, వాచీ పక్కపక్కన పెట్టి ఒకే సమయంలో రెండు అంకెలూ కనిపించేలా ఫోటో తీయండి. నా ఫిర్యాదులో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ ఫోటోనే.