మైగ్రేన్‌కూ ఫిట్స్‌కూ ఒకే పొడి అంటున్నారు, దయచేసి కొనకండి

మైగ్రేన్, మూర్ఛ రెండూ ఒకే నరాల బలహీనత వల్ల వస్తాయని, తమ మూలికల పొడి మూడు నెలలు వాడితే రెండూ సమూలంగా పోతాయని ఫోనుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. మా చెల్లెలికి ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. వాళ్ల అత్తగారింట్లో 4,800 రూపాయలు పోసి ఆ పొడి తెప్పించారు.

డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, అందులో ఏ మూలికలు ఉన్నాయో కూడా లేదు. లోపల మడతపెట్టిన కాగితంలో మాత్రం, రెండో వారం నుంచి ఇంగ్లిషు మందులు పూర్తిగా మానేయాలని ఎర్ర అక్షరాల్లో అచ్చు వేశారు. చెల్లెలు అలాగే మానేసింది. ఆ వారం తిరగకుండానే వంటగదిలో, వెలుగుతున్న పొయ్యి పక్కన పడిపోయింది. ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ప్రాణం దక్కింది గానీ నాలుక తెగి కుట్లు పడ్డాయి. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే జరిగేది ఇదేనని న్యూరాలజిస్టు గారు చెప్పారు.

నా కడుపు మండేది ఎందుకంటే, ఆ ప్రకటన కాస్త నిజాన్ని అడ్డుపెట్టుకుని మోసం చేస్తోంది. ఈ రెండు జబ్బులకూ చుట్టరికం ఉంది. ఒకటి ఉన్నవారిలో రెండోది మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ మాత్రలు మూర్ఛకూ ఇస్తారు, మైగ్రేన్ రాకుండానూ ఇస్తారు. అంతమాత్రాన రెండూ ఒకటైపోవు. మైగ్రేన్‌కు ముందు కళ్లెదుట మెరిసే వంకర గీతలు మెల్లగా పాకుతూ సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలు ఉంటాయి. మూర్ఛ వల్ల కనిపించేవి ఎక్కువగా రంగురంగుల గుండ్రటి ఆకారాలు, చాలాసార్లు సెకన్లలోనే మాయమవుతాయి. ఫిట్స్ తగ్గాక వచ్చే తలనొప్పి మళ్లీ వేరు. ఇదంతా మనిషిని చూడకుండా ఫోనులో తేల్చేస్తారా? వాల్‌ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి అసలైన మందును కూడా వయసు, పరిస్థితి చూసి గానీ రాయరు.

మూర్ఛ నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మూలికల పేరుతో అమ్మిన మూర్ఛ మందుల్లో ఫినోబార్బిటోన్ అనే ఇంగ్లిషు మూర్ఛ మందునే కలిపిన సంగతి మన దేశంలో లోగడ బయటపడింది కూడా. మొదట్లో గుణం కనిపించినా నమ్మకండి.

డబ్బు వెనక్కి అడిగితే, సీలు తీసిన డబ్బా తీసుకోబోమన్నారు. తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. ఇప్పటికే కొన్నవారు ఉంటే డబ్బా, కాగితం, చెల్లింపు రసీదు పారేయకుండా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కూ, మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకూ ఫిర్యాదు చేయండి. మాత్రలు ఆపేసి ఉంటే ఈ రోజే మీ డాక్టరుకు చెప్పండి.