గుడ్లగూబా, తోడేలా, గుర్రమా, కొన్న కుక్కా: మీ క్యారెక్టర్‌కి ఏ జంతువు తోడు మేలు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్ర వేసుకుని డైస్‌తో ఆడే టేబుల్ ఆట) ఐదో ఎడిషన్‌లో జంతువును వెంట తెచ్చుకోవడానికి దారులు చాలా ఉన్నా, టేబుల్ మీద ఎక్కువగా నడిచేవి నాలుగే: ఫైండ్ ఫెమిలియర్ స్పెల్ (చిన్న జంతువును తోడుగా పిలిచే మంత్రం), రేంజర్ (అడవి వేటగాడు) క్లాస్‌లో బీస్ట్ మాస్టర్ అనే సబ్‌క్లాస్, పాలడిన్ (దైవబలమున్న యోధుడు) వేసే ఫైండ్ స్టీడ్ (స్వారీ జంతువును పిలిచే మంత్రం), నేరుగా డబ్బిచ్చి కొనుక్కోవడం. కొత్తగా ఆడేవాళ్లు జంతువు బొమ్మ చూసి ఎంచుకుంటారు. మూడో సెషన్‌కి అది చచ్చిపోతుంది, లేదా ప్రతి టర్న్‌లోనూ తమ పని ఆపుకుని దాని పని చూడాల్సి వస్తుంది. అందుకే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఆ జంతువు కదలాలంటే మీ యాక్షన్ (టర్న్‌లో చేసే ప్రధానమైన పని) పోతుందా, బోనస్ యాక్షన్ (దానిపైన చేసే చిన్న పని) పోతుందా, ఏమీ పోదా? అది చనిపోతే తిరిగి రావడానికి ఏం ఖర్చవుతుంది?

కింది లెక్కలు 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2020లో వచ్చిన టాషా అనుబంధ పుస్తకంలోని రూల్స్ ప్రకారం. 2024 పుస్తకంతో వచ్చిన మార్పులు చివర్లో ఉన్నాయి.

ఈ నాలుగింట్లో ఖర్చుకి తగ్గ ఫలితం ఎక్కువ ఇచ్చేది ఫెమిలియర్. ఇది ఒకటో లెవెల్ విజార్డ్ (మాంత్రికుడి) స్పెల్. ఇత్తడి కుంపట్లో 10 గోల్డ్ విలువ చేసే బొగ్గు, ధూపం, మూలికలు కాల్చాలి. స్పెల్ వేయడానికి గంట పడుతుంది. రిచువల్‌గా (నిదానంగా, తంతులా) వేస్తే ఇంకో పది నిమిషాలు కలుస్తాయి కానీ స్పెల్ స్లాట్ (లెక్కగా ఉండే మంత్రశక్తి వంతు) మిగులుతుంది. సరుకు కాలిపోతుంది, కుంపటి మీ దగ్గరే ఉంటుంది. కాబట్టి ఊరు దాటే ముందే 40, 50 గోల్డ్ సరుకు కొని క్యారెక్టర్ షీట్ మీద రాసిపెట్టుకోండి. అడవి మధ్యలో పక్షి పోయాక ధూపం ఎక్కడ దొరుకుతుందని డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) అడిగితే జవాబుండదు.

ఏ రూపం? గుడ్లగూబ. దాని హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందన్న లెక్క) 1, ఏసీ (దెబ్బ తగలకుండా కాచుకునే లెక్క) 11, కాబట్టి బలం చూసి కాదు. ఎగిరే వేగం 60 అడుగులు, చీకట్లో 120 అడుగుల చూపు, అన్నిటికీ మించి ఫ్లైబై. శత్రువు చేతికందే దూరంలోంచి ఎగిరిపోయినా దాని మీద ఆపర్చునిటీ అటాక్ పడదు. బొర్రా గుహల్లాంటి మ్యాప్‌లో ఒక రౌండ్ చూద్దాం. ఓగ్రె (రాక్షసుడు) 25 అడుగుల దూరంలో ఉంది. గుడ్లగూబ 25 అడుగులు ఎగిరి దాని పక్కకు వెళ్తుంది, హెల్ప్ యాక్షన్ తీసుకుంటుంది, మిగిలిన 35 అడుగుల్లో వెనక్కి వచ్చి సున్నపురాయి స్తంభం చాటున దాక్కుంటుంది. ఆ తర్వాత ఓగ్రెని కొట్టే మీ జట్టు మనిషికి మొదటి దెబ్బ మీద అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది. ఆ మనిషి రోగ్ (దొంగ పాత్ర) అయితే స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ కూడా దొరికినట్టే. ఇందులో మీ యాక్షన్ గానీ బోనస్ యాక్షన్ గానీ ఏదీ పోలేదు. ఫెమిలియర్ తన సొంత ఇనిషియేటివ్ (టర్న్‌ల వరుస) మీద నడుస్తుంది కాబట్టి, అది మీ రోగ్ కంటే ముందు వచ్చిందా వెనక వచ్చిందా అన్నది మాత్రం చూసుకోవాలి.

గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడనే పట్టింపు మన దగ్గర ఉంది కదా, ఆ కారణంతో డేగను అడిగేవాళ్లూ ఉంటారు. డేగకి ఏసీ 13, పగటి చూపు పదును. కానీ ఫ్లైబై లేదు. హెల్ప్ చేసి వెనక్కి తిరిగేసరికి ఒక దెబ్బ పడుతుంది, ఉన్న ఒక్క హెచ్‌పీ పోతుంది. కథకి డేగే నప్పితే తీసుకోండి, దాన్ని కాపలాకే వాడండి, కొట్లాటలోకి దింపకండి. పూర్తి చీకట్లో, మాయతో కప్పిన చోట గబ్బిలం పనికొస్తుంది: శబ్దాన్ని బట్టి 60 అడుగుల వరకు కళ్లతో పని లేకుండా పసిగడుతుంది. అయితే దాని చెవులు మూస్తే ఆ శక్తి పోతుంది. ఫిషింగ్ హార్బర్ లాంటి చోట నీళ్లలోకి దిగి చూడాలంటే పీత, ఆక్టోపస్ ఉన్నాయి. చచ్చినా బతికున్నా మళ్లీ స్పెల్ వేసి రూపం మార్చుకోవచ్చు కాబట్టి, సాహసం ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ముందురోజే మార్చుకోండి.

ఫెమిలియర్‌తో జరిగే పొరపాట్లు ఎక్కువగా చదవకపోవడం వల్లే. అది అటాక్ చెయ్యలేదు. దాని కళ్లతో చూడాలంటే మీ యాక్షన్ పోతుంది, మీ తర్వాతి టర్న్ వచ్చేదాకా మీ సొంత కళ్లూ చెవులూ పనిచెయ్యవు. మనసుతో మాట్లాడడం, కళ్లతో చూడడం రెండూ 100 అడుగుల లోపే. కైలాసగిరి కింద నిలబడి పైన ఏముందో దాని కళ్లతో చూస్తానంటే కుదరదు. పంపించి, తిరిగొచ్చాక అడగాలి. స్పర్శతో వేసే స్పెల్స్‌ని మాత్రం అదే 100 అడుగుల లోపు దాని ద్వారా వేయొచ్చు, అందుకు దాని రియాక్షన్ (టర్న్ కాని వేళ కూడా చేయగల చిన్న పని) వాడాలి. క్లెరిక్ (పూజారి పాత్ర) చేతికి ఫెమిలియర్ వస్తే దూరాన పడిపోయినవాడికి క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే స్పెల్) అందించొచ్చన్నమాట.

విజార్డ్ కాని క్లెరిక్‌కి ఇదెలా వస్తుంది? మ్యాజిక్ ఇనిషియేట్ అనే ఫీట్‌తో (అదనపు నైపుణ్యంతో) వస్తుంది, కానీ 2014 రూల్స్‌లో లాంగ్ రెస్ట్‌కి (రాత్రి పూర్తి విశ్రాంతికి) ఒక్కసారే. పొద్దున్నే పక్షి పోతే ఆ రోజుకి లేనట్టే. ఇంటెలిజెన్స్ గానీ విజ్‌డమ్ గానీ 13 ఉంటే రిచువల్ కాస్టర్ ఫీట్ మేలు, సరుకున్నన్నిసార్లు పిలవొచ్చు. వార్‌లాక్‌కి (ఒప్పందంతో మంత్రశక్తి పొందే పాత్రకి) మూడో లెవెల్లో పాక్ట్ ఆఫ్ ది చైన్ ఉంది. అక్కడ ఇంప్, స్ప్రైట్ లాంటి చిన్న మాయజీవులు దొరుకుతాయి, మీ దెబ్బ ఒకటి వదులుకుంటే అవి కొడతాయి కూడా.

ఇక బీస్ట్ మాస్టర్. జంతువు పక్కన నిలబడి పోరాడాలి, దెబ్బలు తినాలి, మీతోపాటు లెవెల్ పెరగాలి అనుకునేవాళ్లకి సరైన దారి ఇదే. అయితే ఏ రూల్స్‌తో ఆడుతున్నారన్నది ఇక్కడ ప్రాణం. 2014 రూల్స్‌తో మూడో లెవెల్లో తోడేలును తీసుకున్నారనుకోండి. హెచ్‌పీ 12, ఏసీ 15, కాటు సగటున 9. బాగానే ఉంది. కానీ అది కరవాలంటే మీ యాక్షన్ మొత్తం ఇవ్వాలి. లాంగ్‌బోతో మీరు కొట్టే సగటు 7.5 వదులుకుని 9 తెచ్చుకుంటున్నారు. రెండు శరీరాలున్నా ఒక్కటే దెబ్బ. ఐదో లెవెల్ వస్తేగానీ దానితోపాటు మీరు ఒక దెబ్బ వేసే వీలుండదు. తోడేలు చస్తే ఇంకో జంతువుని వెతికి 8 గంటలు దానితో గడపాలి.

టాషా రూల్స్‌లో అదే రేంజర్ నేల జంతువును తీసుకుంటే హెచ్‌పీ 20 (5, దానిపైన లెవెల్‌కి 5 చొప్పున), ఏసీ 15, దెబ్బ 1డీ8+4 (ఎనిమిది ముఖాల డై ఒకటి, దానికి 4), సగటు 8.5. ఆదేశానికి బోనస్ యాక్షన్ చాలు. అంటే ఒక టర్న్‌లో మీ 7.5, దాని 8.5, రెండూ. అది 20 అడుగులు తిన్నగా పరుగెత్తి కొడితే ఇంకో 1డీ6 కలుస్తుంది, స్ట్రెంత్ సేవ్ (బలంతో తట్టుకునే డైస్ పరీక్ష) తప్పితే శత్రువు కింద పడతాడు. చనిపోతే గంటలోపు ముట్టుకుని ఒక స్పెల్ స్లాట్ ఖర్చు చేస్తే నిమిషంలో నిండు హెచ్‌పీతో లేస్తుంది. 2014 పుస్తకం ఒక్కటే ఒప్పుకుంటానని డీఎం అంటే బీస్ట్ మాస్టర్ వద్దు. ఆ సబ్‌క్లాస్ మీద ఇష్టాన్ని చంపుకోమని కాదు, టాషా రూల్స్ కోసం డీఎంతో మాట్లాడండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఇందులోనూ చిక్కు లేకపోలేదు. హంటర్స్ మార్క్ (గురి పెట్టిన శత్రువుకి దెబ్బ పెంచే రేంజర్ స్పెల్) కూడా బోనస్ యాక్షనే. మొదటి టర్న్‌లో మార్క్ వేస్తే, మీ దెబ్బ ఒకటి దానికోసం వదులుకుంటే తప్ప మీ జంతువు కొట్టదు, డాడ్జ్ చేస్తూ (దెబ్బ తప్పించుకుంటూ) నిలబడుతుంది. శత్రువు మారినప్పుడల్లా మార్క్ కదపడానికి మళ్లీ బోనస్ యాక్షనే. రెండు చేతులా కత్తులు పట్టే రేంజర్‌కైతే రెండో కత్తికీ అదే కావాలి. జంతువే ముఖ్యమనుకుంటే విల్లు పట్టండి, మార్క్‌ని ఎక్కువసేపు నిలిచే పెద్ద శత్రువు కోసం దాచుకోండి. నేల, నీరు, ఆకాశం మూడు రూపాల్లో మొదట నేలదే తీసుకోండి. ఆకాశ రూపానికి ఫ్లైబై ఉంది కానీ హెచ్‌పీ 16. నీటి రూపం నీళ్లలో 60 అడుగులు ఈదుతుంది, నేల మీద నడక 5 అడుగులే. యారాడ ఒడ్డున జరిగే పోరాటంలో అల దాటి ఇసుక మీదకొచ్చిందంటే అక్కడే చిక్కుపడిపోతుంది. లాంగ్ రెస్ట్ తర్వాత వేరే రూపాన్ని పిలుచుకోవచ్చు, కాబట్టి ఓడ ఎక్కే రోజుకే నీటిది.

పాలడిన్‌కి పెద్దగా ఆలోచించే పని లేదు. ఐదో లెవెల్లో ఫైండ్ స్టీడ్ వస్తుంది, పది నిమిషాల్లో వార్‌హార్స్ వస్తుంది: హెచ్‌పీ 19, వేగం 60, మైలు దూరం వరకు మనసుతో మాట. చస్తే రెండో లెవెల్ స్లాట్ ఒకటి, ఇంకో పది నిమిషాలు. గుర్రం మీద కూర్చుని మీ మీద మాత్రమే వేసుకునే స్పెల్ దానికీ పడుతుంది. ఇబ్బందల్లా సైజు. మ్యాప్ మీద నాలుగు గళ్లు ఆక్రమిస్తుంది, ఇరుకు గుహల్లో బయటే వదలాలి. మీది హాఫ్‌లింగ్ పాలడిన్ అయితే గుర్రానికి బదులు మాస్టిఫ్ కుక్కను అడగండి, గుహలోకి ఎక్కి వెళ్లొచ్చు.

అదే మాస్టిఫ్‌ని సంతలో 25 గోల్డ్‌కి కొనొచ్చు. మొదటి లెవెల్లో ఏ క్లాస్ వాళ్లకైనా అందే దారి ఇదే. వాసన, వినికిడి పదును, రాత్రి కాపలాకి చాలా మంచిది. కానీ హెచ్‌పీ 5, ఏసీ 12. గోబ్లిన్ బాణం ఒక్కటి వదిలితే ఈ కుక్క పడిపోయే అవకాశం దాదాపు 45 శాతం. 200 గోల్డ్ పెట్టి చెయిన్ షర్ట్ (గొలుసు కవచం) తొడిగితే ఏసీ 15 అవుతుంది, హెచ్‌పీ ఐదే. పైగా అది ఎవరి మాట వింటుందో, ఎప్పుడు కరుస్తుందో తేల్చేది డీఎం. కొనే ముందే అడిగి తెలుసుకోండి. మూడో లెవెల్ దాటాక దాన్ని పోరాటంలోకి తేవద్దు, విడిదిలో కట్టేయండి.

అడవి జంతువును మచ్చిక చేసుకుంటానని యానిమల్ ఫ్రెండ్‌షిప్ స్పెల్ ఎంచుకునేవాళ్లకి ఒక మాట. కంబాలకొండ లాంటి అడవిలో చిరుత ఎదురైంది, మీ సేవ్ డీసీ (తప్పించుకోవడానికి అది డైస్‌తో అందుకోవాల్సిన అంకె) 13 అయితే స్పెల్ పట్టే అవకాశం సగానికి సగం. పట్టినా 24 గంటలే. మీరు కీడు చెయ్యరని అది నమ్ముతుంది, అంతకుమించి చెప్పిన పని చేస్తుందని స్పెల్‌లో ఎక్కడా లేదు. మీ జట్టులో ఎవరైనా దాన్ని గాయపరిస్తే అక్కడితో సరి. దారి దాటడానికి వాడండి, తోడుకి కాదు.

2024 పుస్తకంతో ఆడేవాళ్లకి చాలా చిక్కులు తీరాయి. బోనస్ యాక్షన్ బీస్ట్ మాస్టర్ మూల పుస్తకంలోకే వచ్చింది. సేజ్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే మొదటి లెవెల్లోనే మ్యాజిక్ ఇనిషియేట్ వస్తుంది, దాంతో ఫెమిలియర్‌ని రిచువల్‌గా ఎన్నిసార్లయినా పిలవొచ్చు. పాలడిన్‌కి ఐదో లెవెల్లో స్టీడ్ రోజుకోసారి స్లాట్ లేకుండా వస్తుంది, పది నిమిషాలు కాదు, ఒక్క యాక్షన్‌లో. కానీ కొత్త స్టీడ్ ఎప్పుడూ పెద్ద సైజే, హాఫ్‌లింగ్ మాస్టిఫ్ కిటుకు అక్కడ చెల్లదు. రెండు పుస్తకాలు కలిపి ఆడే టేబుళ్లలో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి, మీ జంతువు ఏ పుస్తకంలోదో షీట్ పైనే రాయండి.

టేబుల్ మీద ఇంకో చిన్న ఏర్పాటు. ఎంవీపీ కాలనీలో ఎవరి ఇంట్లోనో ఆరుగురు కూర్చుని చార్ట్ పేపర్ మీద అంగుళం గళ్లు గీసుకుని ఆడేటప్పుడు, జంతువు వల్ల ప్రతి రౌండూ సాగుతుంది. మీ డైస్ ఒక రంగు, జంతువు డైస్ ఇంకో రంగు పెట్టుకుని రెండు దెబ్బలూ ఒకేసారి వేయండి. బొమ్మ లేకపోతే చింతపిక్క చాలు. ఎగిరేదైతే ఎత్తు ఎన్ని అడుగులో చీటీ రాసి దాని కింద పెట్టండి, లేకపోతే కింద ఉన్నవాడి కత్తి దానికి అందుతుందా లేదా అని ప్రతి టర్న్‌లోనూ వాదన వస్తుంది.